ముప్పై ఎనిమిది మంది నొక్కిన బటన్

ఆ ఆరోగ్య శాఖ ఆఫీసులో మెట్లెక్కగానే ఎదురుగా ఒక పెద్ద బోర్డు కనిపిస్తుంది. ఇదివరకు దాని మీద చేతులు కడుక్కోండి, నీళ్ళు కాచి తాగండి అని రాసి ఉండేది. ఇప్పుడు ఉద్యోగుల ఫొటోలు అంటించారు, ఒక్కొక్కరి నోటికి ఒక్కో గాలం తగిలించి. పైన "ఈ నెల గాలానికి చిక్కిన చేపలు" అని ముద్దు ముద్దు అక్షరాలతో రాశారు. పనిమీద వచ్చిన జనం ఆగి మరీ చూసి, నవ్వుకుని, అప్పుడు లోపలికి వెళ్తారు.

ఆ ఘనకార్యం తాళాలాయనది. కాగితం మీద ఆయన హోదా సైబర్ భద్రతాధికారి. కానీ వచ్చిన మొదటి వారంలోనే తలుపులకీ, కంప్యూటర్లకీ, చివరికి చీపుర్లు పెట్టుకునే గదికీ కోడ్ తాళాలు బిగించేసరికి ఆ పేరు ఖాయమైపోయింది. పాపం, ఆయనది ఉత్త భయం కాదు. అంతకుముందే పక్క ఊరి ఆసుపత్రిలో ఒక గుమాస్తా దొంగ ఈమెయిల్‌ను తెరిచేస్తే, ఎవరో లోపలికి దూరి కంప్యూటర్లన్నిటికీ తాళం వేసేశారు. వారం రోజుల పాటు ఆపరేషన్లు ఆగిపోయాయి. అందుకని ఇక్కడ కొత్త నెట్‌వర్క్ వేశారు. మంచినీళ్ళ ట్యాంకుల్లో సెన్సర్లు, పంపుహౌసుల్లో కెమెరాలు, ఆఫీసర్ల గదుల్లో తెరలు పెట్టారు. అవన్నీ ఒకదానితో ఒకటి హాయిగా మాట్లాడుకుంటాయి. మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మాత్రం ప్రమాదమట. ఆ నెట్‌వర్క్‌ను నడిపే సూత్రాన్ని జీరో ట్రస్ట్ అంటారని తాళాలాయన మొదటి క్లాసులోనే చెప్పాడు. ఎవరినీ నమ్మకండి, అవతలివాళ్ళు అమ్మానాన్నలైనా సరే సరిచూసుకోండి అన్నాడు.

ఇక పరీక్షలు మొదలుపెట్టాడు. తనే దొంగ ఈమెయిళ్ళు తయారుచేసి ఉద్యోగులకు పంపేవాడు. "అత్యవసరం, మీ సెలవులు రద్దయ్యాయి, వెంటనే ఇక్కడ నొక్కండి" అని ఒకటి వస్తుంది. నొక్కారో, ఫొటో బోర్డెక్కుతుంది, గంటన్నర క్లాసులో కూర్చోవాలి. నొక్కకుండా, పక్కనే ఎర్రగా ఉండే "అనుమానాస్పదం" బటన్ నొక్కితే ఒక నక్షత్రం వస్తుంది. పది నక్షత్రాలకి ఒక పొగడ్త కాగితం ఇస్తారు. ముప్పై ఏళ్ళ సర్వీసున్న పెద్దమనుషులు కూడా చిన్నపిల్లల్లా నక్షత్రాలు లెక్కపెట్టుకునే స్థితికి వచ్చారు.

నీళ్ళ పరీక్షల ల్యాబు చూసే ఆవిడ కూడా ఒకసారి ఆ బోర్డెక్కింది. ఊళ్ళో కుళాయిల నుంచి వచ్చే నమూనా సీసాలు ఎప్పుడూ చేతిలో పట్టుకుని తిరుగుతుందని ఆవిణ్ణి అందరూ సీసాలమ్మ అంటారు. పద్నాలుగేళ్ళుగా ఊరి నీళ్ళు ఆవిడ కళ్ళ ముందు నుంచే ఇళ్ళకు వెళ్తున్నాయి. ఆవిడకొచ్చిన దొంగ ఈమెయిల్‌లో "మీ ల్యాబుకు కొత్త ఫ్రిజ్ మంజూరైంది" అని ఉంది. పాత ఫ్రిజ్ చెడిపోయి రెండేళ్ళు దాటింది, ఆవిడ రాసిన ఉత్తరాలకు లెక్కలేదు. ఆశ కొద్దీ నొక్కేసింది. ఫ్రిజ్ రాలేదు, గాలం తగిలింది. క్లాసులో తాళాలాయన, "చూశారా, మీ బలహీనత ఎక్కడుందో దొంగకి తెలుసు" అంటే, ఆ బలహీనత సంగతి రెండేళ్ళుగా ఆఫీసుకీ తెలుసు కదా అని అడగాలనిపించి ఊరుకుంది.

ఇంతకీ జరిగింది ఏమిటంటే, ఒకరోజు ఉదయం పదింటికి సీసాలమ్మ మూడో నంబరు ట్యాంకు ప్లేట్లు బయటికి తీసింది. నిన్న సాయంత్రం నీళ్ళు వదిలాక ట్యాంకు నుంచి తెచ్చిన నమూనా రాత్రంతా వెచ్చటి పెట్టెలో ఉంటే, అందులో ఏవైనా క్రిములుంటే ప్లేటు మీద చుక్కలుగా పెరుగుతాయి. మామూలుగా శుభ్రంగా ఉంటాయి. ఈసారి ప్లేటు నిండా ఆకుపచ్చ మెరుపుతో చుక్కలు పుట్టుకొచ్చాయి. అలా మెరిసేవి మురుగులోంచి వచ్చే క్రిములని ఆవిడకి నిద్రలో లేపి అడిగినా తెలుసు. పొరపాటేమోనని రెండో ప్లేటు చూసింది, మూడోది చూసింది. అన్నీ ఒకటే కథ. ఎక్కడో మురుగు గొట్టం మంచినీళ్ళలో కలిసింది.

కంట్రోల్ రూమ్ తెర మీద మాత్రం మూడో ట్యాంకు పచ్చగా, నిమ్మకు నీరెత్తినట్టు ఉంది. క్లోరిన్ చక్కగా ఉందని సెన్సర్ చెబుతోంది.

ఆ ట్యాంకు కింద పన్నెండు వీధులున్నాయి. నీళ్ళు పొద్దున్న ఆరింటికి ఒకసారి, సాయంత్రం నాలుగింటికి ఒకసారి వదులుతారు. పొద్దుటివి ఎలాగూ వెళ్ళిపోయాయి, అవి స్నానాలకీ వంటకీ పోతాయి, తాగడానికి అందరూ సాయంత్రం నీళ్ళే పడతారు. నాలుగులోపు వాల్వు మూయించి, వీధుల్లో చాటింపు వేయించాలి. పైగా నాలుగో వీధిలో ఆవిడ చెల్లెలు ఉంటుంది, డబ్బా పాలు తాగే రెండు నెలల పాపతో.

సీసాలమ్మ ముందు పెద్ద డాక్టరుకి ఫోన్ చేసింది. ఆయన ఆఫీసు మొత్తానికి అధికారి, పై అంతస్తులోనే కూర్చుంటాడు.

"సార్, మూడో ట్యాంకులో మురుగు కలిసింది. సాయంత్రం నీళ్ళు ఆపాలి."

"ఎవరు మాట్లాడేది?"

"నేనే సార్, ల్యాబు నుంచి."

"గొంతు అలాగే ఉంది. కానీ ఈమధ్య గొంతులు కూడా మిషన్లతో తయారుచేస్తున్నారటమ్మా. మొన్న క్లాసులో వినిపించారు కదా, అచ్చం నా గొంతే! నేనే నమ్మేశాను."

"సార్, పొద్దున్నే కదండీ మెట్ల దగ్గర మీ మోకాలినొప్పి సంగతి చెప్పారు."

"అదిగో, అదే! వాళ్ళు అన్నీ తెలుసుకునే చేస్తారట. మీరు మీరే అయితే సిస్టంలో పంపండి. ఏమీ అనుకోకండి" అని పెట్టేశాడు. ఆయన మంచివాడే. కానీ రెండు నెలల క్రితం ఆయన ఫొటో కూడా బోర్డెక్కింది. అప్పటి నుంచి భార్య పంపే శుభోదయాలు కూడా తెరవడం మానేశాడు.

ఒళ్ళు మండినా సీసాలమ్మ సిస్టం ముందు కూర్చుంది. హెచ్చరికకి ఒక తయారు నమూనా ఉంది. మన ఇష్టం వచ్చినట్టు మార్చడానికి లేదు. పైన "అత్యవసరం" అని దానంతటదే వస్తుంది. కింద "వెంటనే చర్య తీసుకోండి" అని ఉంటుంది. ఆ కింద రిపోర్టు చూడటానికి లింకు. సంబంధం ఉన్న అధికారులు ముప్పై ఎనిమిది మందికి అది వెళ్తుంది. పదకొండు గంటల రెండు నిమిషాలకు పంపింది.

ఇక్కడ ఆ ముప్పై ఎనిమిది మందినీ తప్పుపట్టడానికి లేదు. వాళ్ళు శ్రద్ధగా క్లాసులు విన్నవాళ్ళు. కంగారు పెట్టే మాట, వెంటనే ఏదో చేయమనడం, నొక్కమని ఒక లింకు, ఈ మూడూ కలిసి వస్తే అది దొంగదే అని బట్టీ పట్టినవాళ్ళు. చూడగానే పట్టేశారు. తాళాలాయన ఈసారి ల్యాబు ఆవిడ పేరుతో పంపాడురోయ్ అని ఒకరికొకరు కన్నుగీటుకున్నారు కూడా. ఇంజనీరు నొక్కాడు, శానిటరీ ఆఫీసరు నొక్కాడు, కంట్రోల్ రూమ్‌లో ముగ్గురూ పోటీపడి నొక్కారు. అందరికంటే చివర పెద్ద డాక్టరు నొక్కాడు, కళ్ళజోడు వెతుక్కోవడంలో ఆలస్యమైంది. పదకొండూ ఇరవై ఒకటికల్లా ముప్పై ఎనిమిది మందీ "అనుమానాస్పదం" అని నొక్కేశారు. తలా ఒక నక్షత్రం రాలింది.

పది మంది నొక్కితే పంపినవాళ్ళ ఖాతా దానంతటదే మూసుకుపోతుంది. అది కొత్త నెట్‌వర్క్‌లో గొప్ప సౌకర్యమట. సీసాలమ్మ తెర నల్లబడింది. ఏం జరిగిందో అర్థం కాగానే ఆవిడ ఒక ప్లేటు చేత్తో పట్టుకుని కింద తాళాలాయన అద్దాల గదికి పరిగెత్తింది. ఆయన ముఖం పండగ చేసుకుంటోంది.

"నూటికి నూరు! పంతొమ్మిది నిమిషాల్లో! ఇంతవరకు ఏ ఆఫీసులోనూ లేదు మేడమ్!"

"అది దొంగది కాదు బాబూ, నేను పంపిందే. నీళ్ళల్లో మురుగు కలిసింది."

ఆయన నవ్వు సగం ఆగింది. "మీ ఖాతాని ఎవరో వాడుకుని ఉండొచ్చు కదా?"

"నేనే ఇక్కడ నిలబడి చెప్తున్నాను కదా!"

"నిజమే మేడమ్. కానీ నిజమైన దొంగ కూడా సరిగ్గా ఇలాగే నిలబడి ఇలాగే చెప్తాడు."

ఆవిడ ప్లేటు బల్ల మీద పెట్టింది. ఆయన కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. "అమ్మో, అందులో క్రిములున్నాయా? ఇక్కడికి తెస్తారా అలాంటివి?"

"నాలుగింటికి పన్నెండు వీధుల్లో ఇళ్ళకి తెస్తున్నారు. అది ఆపమనే నా ఏడుపు."

"నేను నీళ్ళవాణ్ణి కాదు మేడమ్. మీ ఖాతా తెరవాలంటే పెద్ద డాక్టరుగారు ఒప్పుకోవాలి. ఆయనకి ఒక లింకు వెళ్తుంది, అది నొక్కితే చాలు."

"ఆయన లింకులు నొక్కడు."

"నొక్కరు" అన్నాడు తాళాలాయన. ఆ మాటలో కాస్త గర్వం కూడా ఉంది.

నేరుగా పెద్ద డాక్టరు ముందే నిలబడదామని పైకి వెళ్తే తలుపు తెరుచుకోలేదు. ఖాతా మూసుకుంటే ఆవిడ మెళ్ళో కార్డు కూడా చచ్చిపోతుందట. తలుపు కొట్టింది, అరిచింది. లోపల వీడియో మీటింగ్ నడుస్తోంది, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకున్నారు. గోడకి చెప్పుకున్నట్టే అయింది. తిరిగి తన ల్యాబుకి వచ్చింది, అదీ తెరుచుకోలేదు. పద్నాలుగేళ్ళ ఉద్యోగంలో ఆవిడకి తెరుచుకునే తలుపు ఒక్కటే మిగిలింది, బయటికి పోయేది. కాపలా మనిషి జాలిపడ్డాడు. "మీరు నాకు తెలుసమ్మా. మిషన్‌కే మీరెవరో తెలీదంటోంది" అన్నాడు.

ఎండలో నడిచి పంపుహౌసుకి వెళ్ళింది. అక్కడి ఆపరేటరు ఆవిడ చెప్పింది మొత్తం విన్నాడు, ఒక్క ముక్క కూడా అనుమానించలేదు. ఆ రోజు ఆవిడ మాట నమ్మిన మొదటి మనిషి అతనే. కానీ నమ్మి ఏం చేయగలడు? వాల్వు తిప్పే ఇనప చక్రాన్ని భద్రత పేరు చెప్పి మొన్ననే ఊడదీసి పట్టుకుపోయారు.

"ఇప్పుడంతా కంట్రోల్ రూమ్ నుంచేనమ్మా. టైముకి అదే తెరుచుకుంటుంది, అదే మూసుకుంటుంది. కరెంటు తీసేసినా బ్యాటరీ మీద పనిచేస్తుంది. నేనిక్కడ ఊరికే కూర్చోడానికే. కెమెరాలో నేను కనపడకపోతే మాత్రం ఫోన్ చేస్తారు."

కంట్రోల్ రూమ్‌కి అతని ఫోన్ నుంచే చేసి చూసింది. ల్యాబు అనగానే అవతలివాళ్ళు పెద్దగా నవ్వారు. ఒకే రోజు రెండుసార్లా, ఈసారి కూడా పడం అని పెట్టేశారు.

రెండూ నలభై అయింది. తిరుగు దారిలో, ఒక మూసిన దుకాణం నీడలో నిలబడి సీసాలమ్మ చెల్లెలికి ఫోన్ చేసింది. రిపోర్టు విడుదల కాకముందు బయటివాళ్ళకు చెబితే ఉద్యోగం పోతుందని అందరి చేతా సంతకాలు పెట్టించుకున్నారు. ఆవిడ కూడా పెట్టింది.

"ఏమే, ఈ సాయంత్రం కుళాయి నీళ్ళు ముట్టుకోకు. పొద్దున పట్టినవి కూడా పారబొయ్యి. పాపకి పాలు కలపాలంటే కొట్లో సీసా నీళ్ళు తెప్పించి, కాచి వాడు."

"ఏమైందక్కా? పొద్దున్న పాలు ఆ నీళ్ళతోనే కలిపానే!"

"కాచావా?"

"కాచాను. పాపకి కాచకుండా ఎందుకిస్తాను?"

"హమ్మయ్య. అయితే భయం లేదు. ఎందుకని అడక్కు. ఎవరికీ చెప్పకు, నా ఉద్యోగం పోతుంది. ఒట్టెయ్."

"ఒట్టు" అంది చెల్లెలు. ఆ ఒట్టు మూడు నిమిషాలు నిలిచింది. పక్కింట్లో నెలలు నిండిన కోడలు ఉంది, ఆమెకి చెప్పకుండా ఎలా ఉంటుంది? ఆమె అత్తగారికి చెప్పింది. ఆ అత్తగారి నోరు మంచిదో చెడ్డదో గానీ పెద్దది. మూడున్నరకల్లా నాలుగో వీధిలో చంటిపిల్లలకి తప్ప అందరికీ తెలిసిపోయింది. అందరూ బిందెలు బోర్లించారు.

ఇదేమీ తెలియని సీసాలమ్మ మూడింటికి ఆఫీసు గేటు చేరింది. గేటు పక్కన గొడుగులు, సంచుల జిప్పులు బాగుచేసే ముసలాయన కూర్చుంటాడు. అందరికీ ఆయన జిప్పుల తాత. ఆయన ఇల్లు రెండో వీధిలో ఉందని ఆవిడకి తెలుసు.

"ఏమ్మా, ముఖం అలా వాడిపోయిందేం? ఒంట్లో బాగాలేదా?" అన్నాడు.

నాలుక చివరిదాకా వచ్చింది. కాపలా మనిషి రెండడుగుల దూరంలో ఉన్నాడు. పైన కెమెరా ఉంది. సంతకం గుర్తొచ్చింది. చెల్లెలికి ఎలాగూ చెప్పేశాను, ఇప్పుడు ఇంకొకరికి కూడా చెబితే బయటపడిపోతానన్న భయం పట్టుకుంది. ఇంకా గంట ఉంది, ఖాతా తెరిపిస్తే అందరికీ పద్ధతిగా తెలుస్తుందని తనకు తనే సర్దిచెప్పుకుంది.

"ఏం లేదు తాతా" అని లోపలికి వెళ్ళింది.

కాపలా బల్ల దగ్గర కూర్చుని ఖాతా తెరిచే ఫారం నింపడం మొదలుపెట్టింది. నాలుగు పేజీలు. మీరు మీరేనని ధ్రువీకరించే ఇద్దరు అధికారుల సంతకం కావాలని ఏడో గడిలో ఉంది. ఆ ఇద్దరి కోసం కిందికి దిగినవాళ్ళనల్లా పట్టుకుని అడిగింది. ఒకాయన సంతకం పెట్టబోయి, ఇది కూడా పరీక్షేమోనని కలం వెనక్కి తీసుకున్నాడు. ఆవిడ రెండో పేజీ తిప్పుతుండగా నాలుగైంది. పంపుహౌసులో వాల్వు, ఎవరి చెయ్యీ పడకుండా, చెప్పిన టైముకి తెరుచుకుంది.

మర్నాటి నుంచి ఆసుపత్రి వరండాలు నిండాయి. వాంతులు, విరేచనాలతో మూడు రోజుల్లో నాలుగు వందల పన్నెండు మంది వచ్చారు. పదకొండు వీధుల నుంచి వచ్చారు. ముగ్గురు పోయారు. అందులో జిప్పుల తాత ఒకడు. మూడో రోజు సాయంత్రం ఆసుపత్రి నుంచి సిస్టంలో హెచ్చరిక వచ్చింది. దాన్ని కూడా ఇరవై మంది అనుమానాస్పదం అని నొక్కారు. ఆఖరికి నీళ్ళు ఆపి ట్యాంకు సెన్సర్ విప్పి చూస్తే, బ్యాటరీ అయిపోయిన రోజున చూపించిన అంకెనే అది మూడు వారాలుగా చూపిస్తోందని తేలింది. అదే వారం ఆఫీసుకి పై నుంచి ప్రశంసాపత్రం వచ్చింది, నూరు శాతం అప్రమత్తతకి. పెద్ద డాక్టరు దానితో ఫొటో దిగడానికి మాత్రం రాలేదు. ఆయనకి ఆ మాత్రం సిగ్గుంది.

విచారణ వేశారు. వేయకుండా ఎలా ఉంటారు, ముగ్గురు పోయారు. నలుగురు సభ్యులు వరసగా కూర్చున్నారు, తాళాలాయన తెర మీద పటం చూపించాడు. పదకొండు వీధులు ఎర్రగా ఉన్నాయి. మధ్యలో నాలుగో వీధి తెల్లగా ఉంది. అక్కడ ఒక్కరికి కూడా కడుపునొప్పి రాలేదు.

అందరూ ఆ తెల్ల వీధినే చూశారు.

"సమాచారం బయటికి పొక్కింది ఇక్కడే" అన్నాడు తాళాలాయన. గొంతులో నిజమైన బాధ ఉంది. "రిపోర్టు విడుదల కాలేదు. వీళ్ళకి ఎలా తెలిసింది? ల్యాబు మేడమ్ ఫోన్ నుంచి రెండూ నలభైకి ఆ వీధికి ఒక కాల్ వెళ్ళింది."

వాళ్ళల్లో అధ్యక్షుడు సీసాలమ్మ వైపు తిరిగాడు. పెద్దమనిషి, మర్యాదగానే అడిగాడు. "చెప్పారా అమ్మా?"

"చెప్పాను సార్. మా చెల్లెలికి."

"బయటివాళ్ళలో ఇంకెవరికి?"

"ఎవరికీ లేదు."

"బాగా గుర్తు తెచ్చుకోండి. రెండో మనిషికి, మూడో మనిషికి, దారిలో ఎవరికైనా?"

"లేదు సార్. ఒక్కరికే."

నలుగురూ ఊపిరి పీల్చుకున్నారు. ఒకరినొకరు చూసుకుని తలలూపారు. తాళాలాయన కూడా కాస్త మెత్తబడ్డాడు. అధ్యక్షుడు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఒక్కరికే కాబట్టి పోనివ్వండి. పద్నాలుగేళ్ళ మంచి సర్వీసు. ఇంకెవరి చెవినా వేయలేదు, అది మెచ్చుకోవాల్సిందే. హెచ్చరికతో సరిపెడదాం" అన్నాడు. గుమాస్తా ఆ మాటే టైపు చేశాడు, ఒక్కరికే చెప్పినందున శిక్ష తగ్గించడమైనది అని.

కాగితం సంతకం కోసం ఆవిడ ముందుకొచ్చింది. సీసాలమ్మ కలం పట్టుకుంది, మళ్ళీ కింద పెట్టింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దుఃఖమో కోపమో ఆవిడకే తెలియలేదు.

"ఇది మార్చండి సార్. ఒక్కరికే అన్నది మంచి కింద రాశారు. నా తప్పు అదే. గేటు దగ్గర ముసలాయన ఏమ్మా అని అడిగాడు. ఆయనది రెండో వీధి అని నాకు తెలుసు. ఏం లేదు తాతా అన్నాను. అది రాయండి."

గుమాస్తా అధ్యక్షుడి వైపు చూశాడు. అధ్యక్షుడు తాళాలాయన వైపు చూశాడు. తాళాలాయన ఫారం మొదటి నుంచి చివరి దాకా వెతికాడు.

"దానికి గడి లేదు మేడమ్" అన్నాడు.